బుడ్డోడి తూకం సరే, నీదో?

కొలకలూరు,
ఆదివారం

చి.ల.సౌ. చిన్నికి,

కోతలు మొదలయ్యాయి. వరి నిలబడి ఉండగానే మీ పెదనాన్న పొలంలో మినుములు చల్లించారు. తడి ఆరేలోపు కోత కోయించి పనలు తీయిస్తే గాని మినుము నిలవదని పొద్దున లేస్తే కూలీల కోసం తిరుగుడే. మంచు బాగా కురుస్తోంది. తెనాలి బండి కూత వినబడుతుంది గాని స్టేషన్లోకి వచ్చేదాకా బండి కనబడదు. దుగ్గిరాల పసుపు కొమ్ములు తెప్పించి ఆడించాను. సున్నిపిండి కూడా కొట్టించాను. రెండూ పార్సిల్లో పంపిస్తున్నాను. బుడ్డోడికి రాసేటప్పుడు కళ్ళలోకి పోకుండా చూసుకో.

మొన్న రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఏడాది నిండబోతోంది, వీడింకా అడుగు వెయ్యడం లేదు పెద్దమ్మా, పక్క ఫ్లాటు పాప పది నెలలకే నడిచింది అన్నావు. ఆ మాట అనేటప్పుడు నీ గొంతు పరీక్ష తప్పిన పిల్ల గొంతులా ఉంది. ఏమే, చదువుకున్నదానివి, ఇట్లా పోల్చుకుంటూ కూర్చుంటావా? నిన్ను తిట్టడానికి అనడం లేదు తల్లీ. భయం నాకూ తెలుసు. కానీ నేను ఏఎన్ఎంగా చేసినన్నాళ్ళూ చూసింది కూడా పిల్లల్నే గదా, నా మాట విను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు మన దేశంతో కలిపి అయిదు దేశాల పిల్లల్ని నెలనెలా చూసి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు నిలబడ్డారు అన్నీ రాసుకుని 2006లో ఆ లెక్కలు బయటపెట్టారు. పట్టు లేకుండా నడవడానికి ఆరోగ్యమైన పిల్లలకి ఎనిమిది నెలలు దాటిన దగ్గర్నుంచి పదిహేడున్నర నెలల దాకా పట్టింది. నూటికి నలుగురైతే చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు. మరి పదకొండో నెల పిల్లాడికి ఇంత బెంగ దేనికి? మంచం కోడు పట్టుకుని లేస్తున్నాడా, పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, రెండు చేతులూ సమానంగా వాడుతున్నాడా, అవి చూడు. పద్దెనిమిది నెలలు నిండినా అడుగు పడకపోతేనో, అంతకుముందు వచ్చిన పని ఏదైనా మానేస్తేనో డాక్టరుకి చూపించాలి. ఆ మాట నేనే చెబుతాను, దాచను.

ఆ చక్రాల వాకరు మాత్రం కొనకు. కొనేసి ఉంటే తీసి అవతల పెట్టు. పిల్లలు దాంట్లో మునివేళ్ళ మీద తోసుకుంటూ పోతారే గాని నిలదొక్కుకోవడం నేర్చుకోరు. మెట్ల మీంచి దొర్లితే తలకి దెబ్బ. కెనడాలో 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు. మీ పెదనాన్న అటక మీదున్న మూడు చక్రాల చెక్క బండి దింపించారు, నువ్వూ మీ అన్నయ్యా తోసుకుని తిరిగిందే. ఒక చక్రం చెదలు తినేసింది. వడ్రంగి చేత కొత్తది వేయించి, పట్టుకునే కర్రని గరుకు కాగితంతో రుద్దించారు. వాడు లేచి నిలబడ్డప్పుడే దాన్ని తోస్తాడు. తొందరేం లేదు.

ఇక అసలు సంగతి. ఈ ఏడాదంతా ఎలా గడిచిందో నాకేం గుర్తులేదు పెద్దమ్మా అన్నావు చూడు, ఆ మాటే నన్ను పట్టుకుంది. నాకు గుర్తుంది. పురిటికొచ్చి తెనాలిలో ఉన్నావు. రెండో వారం. మీ అమ్మ కాళ్ళు చాపుకుని బుడ్డోణ్ణి పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది, వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నువ్వు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, తలకి కట్టిన గుడ్డ ఊడిపోతున్నా సర్దుకోకుండా, చప్పుడు లేకుండా ఏడుస్తున్నావు. పచ్చి ఒళ్ళు, ఏడిస్తే కళ్ళకి మంచిది కాదు అంటూ కొంగుతో నీ మొహం తుడిచాను. ఎందుకు ఏడుస్తున్నావే అని అడగలేదు.

అడగకపోవడం ఆ రోజొక్కటే కాదు చిన్నీ. సబ్ సెంటర్లో బుధవారం టీకాల రోజున ఎంతమంది తల్లులు వచ్చేవాళ్ళు! పిల్లాణ్ణి తక్కెడలో వేసి, కార్డు మీద చుక్క పెట్టి గీత కలిపేదాన్ని. పచ్చ రంగులో ఉంటే మురిసిపోయేదాన్ని, పసుపులోకి జారితే తల్లిని కోప్పడేదాన్ని. పాలు చాలుతున్నాయా అని అడిగాను. నిద్రపోతున్నావా, అన్నం తింటున్నావా, ఇంట్లో నీకు చెయ్యందించేవాళ్ళు ఎవరున్నారు అని అడగాల్సింది. అడగలేదు. అందుకే ఇవాళ నిన్ను అడుగుతున్నాను. బుడ్డోడి తూకం నెలనెలా ఫోటో తీసి పంపావు, సంతోషం. పుట్టినప్పటికి మూడింతలు కావస్తున్నాడు, ఏడాదికి అలాగే ఉండాలి. నీ తూకం ఎంత? కాన్పయ్యాక నీ రక్తం ఎవరైనా చూశారా? పాలిచ్చే తల్లి కాన్పయ్యాక కూడా ఆరు నెలలు ఐరన్ బిళ్ళలు మింగాలి. నువ్వు ఎన్ని మింగావో, ఎన్ని డ్రాయర్లో ఉండిపోయాయో నీకే తెలియాలి. ఈ వారంలో వెళ్ళి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. పన్నెండు గ్రాములకి తక్కువ ఉంటే రక్తహీనత. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే చిరాకు, జుట్టు ఊడడం ఇవన్నీ పిల్లాడి పెంపకంలో మామూలే అని నీకు నువ్వు సర్దిచెప్పుకోకు.

మనసు సంగతీ చెబుతాను. కాన్పయిన మొదటి పది పదిహేను రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది. వారాల తరబడి పోకపోతే, వాణ్ణి ఎత్తుకున్నా ఏమీ అనిపించకపోతే, వాడు పడుకున్నా నీకు కునుకు పట్టకపోతే అది జబ్బు. ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. నయమవుతుంది. సిగ్గుపడాల్సిందేం లేదు. 2022 నుంచి టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టింది, 14416కి ఫోను చేస్తే పైసా తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. నీకు అంత అవసరం లేదనే నా నమ్మకం. అయినా నంబరు గోడ మీద రాసిపెట్టుకో. అర్ధరాత్రి అయితే ముందు నాకు చెయ్యి.

మీ ఆయనకి ఒక మాట, నువ్వే చదివి వినిపించు. నాన్నా, నువ్వు మంచివాడివి. డైపరు మారుస్తావు, సీసాలు కడుగుతావు, అన్నీ చూశాను. కానీ ఏదైనా పని చేసేముందు చిన్నిని అడుగుతావు. పాలు ఎన్ని, చొక్కా ఏది, మందు ఎప్పుడు అని. చెప్పడం కూడా పనేనయ్యా. వారంలో రెండు రాత్రులు పూర్తిగా నీవి చేసుకో. ఆ రాత్రుళ్ళు చిన్ని వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. వాడు ఏడిస్తే నువ్వే ఎత్తుకుని తిప్పాలి. మీ ఆఫీసులో తండ్రికి సెలవు వారం రోజులే ఇచ్చారని విన్నాను. చట్టం తల్లికి 26 వారాలు ఇచ్చింది గాని ప్రైవేటు ఉద్యోగంలో తండ్రి ఊసే ఎత్తలేదు, అది నీ తప్పు కాదు. ఇంట్లో వంతు మాత్రం మీ ఇద్దరి చేతుల్లోనే ఉంది. 2017లో మారినప్పటి నుంచి చట్టంలో యాభై మంది గాని అంతకుమించి గాని పనిచేసే చోట పసిపిల్లల కోసం క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చనీ ఉంది. చిన్ని ఆఫీసులో ఉందేమో కనుక్కోండి. లేకపోతే రాతపూర్వకంగా అడగండి. అడగడం మన హక్కు.

మీ అత్తగారి సంగతి. వసకొమ్ము తేనెలో అరగదీసి నాకిస్తానంటే నువ్వు వద్దన్నావు, ఆవిడ నొచ్చుకుని ఊరెళ్ళిపోయింది. వద్దనడం న్యాయమే. తేనెలో ఉండే ఒక రకం క్రిమి ఏడాదిలోపు పిల్లల పేగుల్లో చేరి విషం పుట్టిస్తుంది, నరాలు చచ్చుబడతాయి. నేనైనా వద్దనేదాన్ని. కానీ నువ్వు అన్న తీరు బాగాలేదు తల్లీ. నీకు సెలవు అయిపోయి ఆఫీసుకి వెళ్ళిన మొదటి నెలల్లో వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఒళ్ళు పట్టి, సాయంత్రం దిష్టి తీసి, మెత్తగా పప్పన్నం కలిపి పెట్టింది ఆవిడే. ఒకసారి నువ్వే ఫోను చెయ్యి. తేనె గురించి మళ్ళీ వాదించకు. వాడు రోజూ మీకోసం గుమ్మం వైపు చూస్తున్నాడు అత్తయ్యా అని చెప్పు, చాలు.

ఫోను అంటే గుర్తొచ్చింది. అన్నం పెట్టేటప్పుడు వాడి ముందు పాటల వీడియో పెడుతున్నావు, వీడియో కాల్లో చూశాను. మానెయ్. రెండేళ్ళు వచ్చేదాకా పిల్లలకి ఆ తెర వద్దని డాక్టర్లే చెబుతున్నారు. రెండు ముద్దలు తక్కువ తిన్నా ఫరవాలేదు, ఏం తింటున్నాడో వాడికి తెలియాలి. కింద చాప వేసి కూర్చోబెట్టు, చేత్తో మెతుకులు కెలకనీ, ఇల్లు పాడైతే తుడుచుకుందువుగాని. ఏడాది దాటాక పాలే కదా బలం అని అదేపనిగా పాలు పట్టకు. పాలతో కడుపు నిండితే అన్నం తినడు, రక్తం తగ్గుతుంది. గుడ్డు, పప్పు, ఆకుకూర, కాస్త నెయ్యి, మనం తినేదే కారం లేకుండా పెట్టు. తొమ్మిదో నెల టీకాలు వేయించానన్నావు, మంచి పని చేశావు. మళ్ళీ పదహారో నెల నుంచి బూస్టర్లున్నాయి, మర్చిపోతారు చాలామంది. పోలియో కాళ్ళతో పాకే పిల్లల్ని ఈ ఊళ్ళల్లో చూసినదాన్ని. 2014లో మన దేశంలో పోలియో లేదని ప్రకటించిన రోజు నాకు ఎంత ఏడుపొచ్చిందో మీ పెదనాన్నని అడుగు.

పార్సిల్లో చలం గారి 'బిడ్డల శిక్షణ' కూడా పెట్టాను. ఆయన మన తెనాలిలో పెరిగినవాడే. ఆయన రాసిందంతా మీరు ఒప్పుకోనక్కర్లేదు, నేనూ ఒప్పుకోలేదు. కానీ పిల్లల మీద చెయ్యెత్తకూడదన్న మాట మాత్రం మీ ఇద్దరూ ఇప్పుడే, వాడు అల్లరి మొదలుపెట్టకముందే, కలిసి చదవండి.

పుట్టినరోజు ఫంక్షన్ హాల్లో చేస్తామంటున్నారట. మీ ఇష్టం. నా మనసులో మాట మాత్రం, భోగికి ఇక్కడికి రండి. భోగిపళ్ళు పోద్దాం. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, చిల్లర అన్నీ సిద్ధం చేస్తాను. నానబెట్టిన శనగలు మాత్రం కలపను, గొంతుకి అడ్డం పడతాయి. రేగుపళ్ళు కూడా పోసిన వెంటనే మనమే ఏరేద్దాం. వాడు బోర్లా పడ్డప్పుడు మీ అమ్మ బొబ్బట్లు చేసి పంచింది. అడుగులకి అరిసెలు నా వంతని అప్పుడే చెప్పాను. పండక్కి ఎటూ పాకం పడతాను. నడిస్తే వాటి మీద నడిపిద్దాం, నడవకపోతే మనం తిందాం.

రావడం మాత్రం పండక్కి రెండు రోజులు ముందుగా రండి, పని ఉంది. బర్త్ సర్టిఫికెట్లో పేరు ఇంకా ఎక్కించలేదని మీ అమ్మ చెప్పింది. ఇరవై ఒకటో రోజున బియ్యంలో రాసిన పేరుకి ఇంగ్లీషు అక్షరాలు ఎట్లా ఉండాలో మీ ఇద్దరికీ ఇప్పటికీ తేలలేదట! పుట్టుక నమోదైన ఏడాదిలోపు అయితే రుసుము లేకుండా ఎక్కిస్తారు, దాటితే ఆలస్యపు రుసుము, తిప్పట. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడిలో చేర్పించాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా పుట్టిన తేదీకి ఆ కాగితమే ఆధారం. వాడు పుట్టింది తెనాలిలో కాబట్టి మునిసిపల్ ఆఫీసు పని ఇక్కడే. పండగ మూడు రోజులూ ఆఫీసు ఉండదు, ఆ తర్వాత మీకు సెలవు ఉండదు. రైల్లో కూర్చుని అయినా స్పెల్లింగు తేల్చుకోండి. ఇద్దరి ఆధార్లూ, ఆసుపత్రి కాగితం, టీకాల కార్డు ఒకే కవర్లో పెట్టుకుని తెచ్చుకోండి. నీ రక్తం రిపోర్టు కూడా అందులోనే పెట్టు, నేను చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ