ఆ నోటుబుక్కు మూసేయండి

సమస్య: మాది గుంటూరు. మావారి ఉద్యోగం కోసం వచ్చి ఆరేళ్ళుగా నోయిడాలో ఉంటున్నాం. మా బాబుకి మూడేళ్ళు దాటాయి. మాటలు రాలేదు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. మగపిల్లలకి మాట ఆలస్యమేలే అని ఏడాది ఊరుకున్నాం. రెండు నెలల కిందట ఢిల్లీలో డాక్టరుగారు ఆటిజం అని రాసిచ్చారు. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. 'వస పోయమంటే విన్నావా? కడుపుతో ఉండి గ్రహణం పూట ఆఫీసుకెళ్ళొద్దంటే విన్నావా?' అని అత్తగారు ఫోన్లో అంటారు. మావారు పక్కనే ఉండి ఏమీ మాట్లాడరు. రాత్రిళ్ళు నిద్రపట్టక, నేను చేసిన తప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. 2022 దీపావళి మర్నాటి సూర్యగ్రహణం, ఒళ్ళో లాప్‌టాప్, ఫోను చూపిస్తూ తినిపించడం, ఢిల్లీ పొగలో తిరగడం... 37 అయ్యాయి. దాహం వేస్తే నా మణికట్టు పట్టుకుని ఫిల్టరు దగ్గరికి లాక్కుపోతాడు గానీ నా మొహం చూడడు. అదీ రాశాను. నన్నేం చేయమంటారు?
- ఒక తల్లి, నోయిడా

సలహా: ఆ 37 దగ్గర ఆగిపోయానమ్మా. పగలంతా పిల్లాడితో వేగి, అందరూ పడుకున్నాక కూర్చుని తన తప్పులకు తానే పద్దు రాసుకునే తల్లిని తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

మొదటి పద్దే చూద్దాం. ఆ అక్టోబరు 25 సాయంత్రం ఢిల్లీలో గ్రహణం పట్టింది నిజమే. ఆ వేళ మెట్రోల్లో, బస్టాపుల్లో, ఇటుకలు మోసే చోట ఎందరు కడుపుతో ఉన్నవాళ్ళు తిరిగారో! వాళ్ళందరి పిల్లలకూ ఇదే వచ్చిందా? పుట్టకముందే మెదడు ఎదిగే తీరులో వచ్చే తేడా ఇది. ఇందులో జన్యువుల పాలు ఎక్కువ. వస పోస్తే ఆగేది కాదు, ఫోను చూపిస్తే వచ్చేదీ కాదు.

తల్లిని బోనెక్కించడంలో మీ అత్తగారు మొదటివారేం కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి రాశాక, చాలా ఏళ్ళపాటు చదువుకున్న మానసిక వైద్యులే తల్లికి ప్రేమ లేకపోవడం వల్ల ఇలా అవుతుందన్నారు. 'రిఫ్రిజిరేటర్ మదర్' అని పేరూ పెట్టారు. 1964లో పుస్తకం రాసి ఆ వాదాన్ని కొట్టిపారేసిన బెర్నార్డ్ రిమ్లాండ్ స్వయంగా ఆటిజం ఉన్న పిల్లాడి తండ్రి.

మీవారికి ఈ ముక్క చదివి వినిపించండి. అయ్యా, మీ అమ్మగారు అంటుంటే మీరు నోరు మెదపకపోవడం పెద్దల మీద గౌరవం అనుకుంటున్నారేమో. ఆ మౌనం మీ భార్యకు రెండో శిక్ష. ఈసారి ఫోను మీరే అందుకుని, 'అమ్మా, ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇంకోసారి ఆ మాట అనొద్దు' అని చెప్పండి. మన ఇళ్ళల్లో ఇదొక అన్యాయం. పిల్లాడు చురుగ్గా ఉంటే తాత తెలివి, తెల్లగా పుడితే నాయనమ్మ పోలిక. చిన్న లోటు కనబడిందా, తల్లి పెంపకం! ఆ మాట అన్నవాళ్ళు మర్చిపోతారు, పడ్డ తల్లి రాత్రంతా మేలుకుంటుంది.

థెరపీ మానకండి. వైకల్య ధ్రువపత్రం తీసుకోండి; వైకల్యం ఉన్నవారి కోసం వచ్చిన 1995 చట్టంలో ఆటిజం పేరే లేదు, 2016 చట్టంలో చేర్చారు. మీకు దగ్గర్లోనే, ఢిల్లీ జసోలాలో, 'యాక్షన్ ఫర్ ఆటిజం' అనే సంస్థ ఉంది. 1991లో దాన్ని స్థాపించిన మెర్రీ బారువా కూడా ఆటిజం ఉన్న అబ్బాయి తల్లే. అక్కడ తల్లిదండ్రులకీ శిక్షణ ఇస్తారు. మీలాంటి తల్లులు కనిపిస్తారు. వాళ్ళ ముందు ఏడవడానికి సంజాయిషీ అక్కర్లేదు. దుఃఖం వస్తే ఏడవండి. అన్నం, నిద్ర ఇలాగే దూరమైతే మాత్రం మీ కోసం కూడా డాక్టరును కలవండి.

ఇక ఆ మణికట్టు సంగతి. దాన్ని తప్పుల్లో ఎలా రాశారమ్మా! దాహం వేసిన పిల్లాడు వెతుక్కున్నది మీ చేతినే. ప్రస్తుతానికి అదే వాడి మాట. ఈసారి లాగినప్పుడు వెళ్ళండి. వాడి ఎత్తుకి కూర్చుని, గ్లాసు చూపించి, 'నీళ్ళు' అనండి. రోజూ అదే మాట, అదే గ్లాసు. ఒక్క క్షణం ఆగండి. గ్లాసు వైపు కన్ను తిప్పినా, చెయ్యి చాపినా, పెదవి కదిపినా, వెంటనే ఇచ్చేయండి.