పరిశోధనాంశం ఎంపిక: క్షేత్రం నుంచి ప్రశ్న దాకా

చిరంజీవికి,

ఎం.ఏ. చివరి సంవత్సరంలో పరిశోధన పత్రానికి అంశం వెతుక్కునే విద్యార్థి ముందుగా గ్రహించవలసింది, క్షేత్రం వేరు, అంశం వేరు అన్న సంగతి. ‘గురజాడ సాహిత్యం’ అన్నది క్షేత్రం, అంటే పండితులు తరతరాలుగా దున్నుతున్నా ఇంకా మిగిలే ఉన్న విశాలమైన భూమి; అందులో ఒక విద్యార్థి ఒక సెమిస్టరు కాలంలో ఒంటరిగా సాగు చేయగలిగిన చిన్న మడి మాత్రమే అంశం. క్షేత్రాన్నే అంశమనుకొని రాసిన పత్రం రచయిత జీవిత విశేషాలతో మొదలై, రచనల జాబితాతో సాగి, అందరికీ తెలిసిన ప్రశంసతో ముగుస్తుంది. అందులో శ్రమ ఉంటుంది గాని కొత్తగా తెలిసిన సంగతి ఉండదు.

క్షేత్రాన్ని అంశంగా మార్చేది ప్రశ్న. ఉదాహరణకు, 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన గురజాడ నాటకం కన్యాశుల్కం 1897లో పుస్తకంగా వెలువడింది. గురజాడ ఆ నాటకాన్ని విస్తృతంగా తిరగరాయగా 1909లో మలికూర్పు వచ్చింది. ఈ రెండు కూర్పుల మధ్య గల తేడాలన్నీ చూడబూనితే అది మళ్లీ పెద్ద క్షేత్రమే అవుతుంది, పైగా ఆ పోలికను పూర్వ విమర్శకులు చాలావరకు పరిశీలించారు కూడా. అదే, ఆ నాటకంలోని గిరీశం పాత్ర మాటల్లో దొర్లే ఇంగ్లీషు తొలికూర్పులో ఎలా ఉంది, మలికూర్పులో ఎలా మారింది, ఎదుటి పాత్ర మారినప్పుడల్లా అది పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగితే, చదవవలసిన పుటలు, లెక్కించవలసిన మాటలు, పోల్చవలసిన సన్నివేశాలు స్పష్టంగా కళ్లముందు నిలుస్తాయి. ఇలా హద్దులు గీసుకోవడాన్నే పరిధి నిర్ణయం అంటారు.

మంచి ప్రశ్న తరచుగా, లోకం నమ్మిన మాటను పరీక్షించాలనిపించిన చోట పుడుతుంది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట వినవచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఆవేదనతో ఆగిపోక, ఊరూరి కవుల వివరాలనూ పద్యాలనూ సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. ‘ఉన్నారా, లేరా’ అన్న సూటి ప్రశ్నకు సాక్ష్యంతోనే జవాబు చెప్పడం ఆ గ్రంథానికున్న బలం. చదివేటప్పుడు ఏ వాక్యం దగ్గర ‘ఇది నిజమేనా’ అన్న సందేహం కలుగుతుందో, ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసిపెట్టుకునే అలవాటు గల విద్యార్థికి అంశాల కరువు రాదు.

అయితే ప్రశ్న ఎంత చక్కనిదైనా ఆకరాలు, అనగా జవాబుకు ఆధారమైన మూలాలు, చేతికందేవి కాకపోతే పత్రం నడవదు. రచయిత మూలగ్రంథం, నాటి పత్రికలు, శాసనాలు, ఉత్తరాలు ప్రాథమిక ఆకరాలు. వాటిపై ఇతరులు రాసిన విమర్శలు ద్వితీయ ఆకరాలు. కాబట్టి అంశాన్ని పర్యవేక్షకునికి చెప్పడానికి ముందే విద్యార్థి గ్రంథాలయానికి వెళ్లి, కావలసిన ప్రాథమిక ఆకరాలు ఉన్నాయో లేవో స్వయంగా చూసుకోవాలి. అదే అంశంపై ఇదివరకే వచ్చిన సిద్ధాంతగ్రంథాలను తిరగేసి, వాటి రచయితలు ఎక్కడ ఆగారో గుర్తించాలి. వారు ఆగిన చోటే కొత్త పత్రానికి మొదలు.

ఆ తరువాత ప్రశ్నకు తాత్కాలికమైన జవాబును ఒక్క వాక్యంలో రాసుకోవాలి. పరికల్పన అని పిలిచే ఈ వాక్యం తప్పని తేలడానికి కూడా అవకాశం ఉన్నదై ఉండాలి. ‘గురజాడ మహాకవి’ అన్నది పరికల్పన కాదు, ఎందుకంటే దాన్ని పరీక్షించే లెక్క ఏదీ లేదు. ‘మలికూర్పులో గిరీశం ఇంగ్లీషు ఎదుటివారిని బట్టి ఎక్కువగా మారుతుంది’ అన్నది పరికల్పన, ఎందుకంటే రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకొని దాన్ని నిలబెట్టనూ వచ్చు, పడగొట్టనూ వచ్చు. అది పడిపోయినా, ఆ సంగతిని నిజాయితీగా రాసిన పత్రం ఓడిపోయినట్లు కాదు, ఎందుకంటే ఆ ప్రశ్న మీద తరువాత పనిచేసేవారికి ఒక దారి మూసి ఉన్నదని అది ముందే చెబుతుంది.

నెలల తరబడి ఒకే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తెరవవలసి ఉంటుంది గనుక, పేరు గంభీరంగా ఉన్నదనో, మార్కులు సులువుగా వస్తాయనో కాక, జవాబు తెలిసేదాకా మనసు ఊరుకోని ప్రశ్ననే చిరంజీవి ఎంచుకోవాలని ఈ లేఖ ఆకాంక్ష.

శుభాశీస్సులతో,
పెదనాన్న