సాఫల్యం ఎవరి కొలతతో?

ఆ మధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక, ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చారు. "మౌలానా సాబ్! వీడికి కాస్త నసీహత్ చేయండి. ఇంటర్ తప్పాడు. మా బామ్మర్ది కొడుకేమో అమెరికా వెళ్ళాడు. వీడు ఏసీ మెకానిక్ పని నేర్చుకుంటానంటున్నాడు. బంధువుల్లో తలెత్తుకోలేకపోతున్నాను" అన్నారు. కుర్రవాడు తల దించుకొని చాప అంచు పీకుతున్నాడు.

"నమాజు చదువుతాడా?" అని అడిగాను.

"ఐదు పూటలా చదువుతాడు. అది సరేలెండి..."

వచ్చే శుక్రవారం రమ్మని పంపేశాను. కాని ఆ 'అది సరేలెండి' అన్న మాట వారమంతా నన్ను వదల్లేదు.

సోదరులారా! అజాన్‌లో ముఅజ్జిన్ మనల్ని ముందు నమాజు వైపుకు, ఆ వెంటనే 'ఫలాహ్' వైపుకు పిలుస్తాడు. ఫలాహ్ అంటే సాఫల్యం. అరబీలో ఈ పదం ధాతువుకు చీల్చడం, నేల దున్నడం అనే అర్థాలున్నాయి. రైతును 'ఫల్లాహ్' అంటారు. దున్నిన రోజే ఏ రైతూ పంట కోయడు. దివ్యఖుర్ఆన్ కూడా అసలు విజయాన్ని పంట చేతికొచ్చే రోజుతోనే ముడిపెట్టింది. నరకాగ్ని నుండి తప్పించబడి స్వర్గంలో ప్రవేశం పొందినవాడే గెలిచినవాడని ఆలి ఇమ్రాన్ సూరా 185వ ఆయతు తెలుపుతోంది.

అలాగని సంపాదన చెడ్డదేమీ కాదు. పేదరికమే దైవభీతికి గుర్తు అన్నట్లు మాట్లాడే పొరపాటు మా ఉలమాలలోనూ ఉంది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాకు హిజ్రత్ చేసి వచ్చినప్పుడు అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన సఅద్ కోసం దుఆ చేసి, బజారు ఎటో చూపించమన్నారు. ఎండు జున్ను, నెయ్యి అమ్మకంతో మొదలుపెట్టి గొప్ప సంపన్నులయ్యారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఆయన ఒకరు.

అలాంటి వ్యక్తి ఒకనాడు ఉపవాసంతో ఉన్నారు. భోజనం ముందుకు తెచ్చారు. ఆయనకు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గుర్తుకొచ్చారు. ముస్అబ్ మక్కాలో ఎంతో సుకుమారంగా, ఖరీదైన దుస్తుల్లో పెరిగిన యువకుడు. ఇస్లాం స్వీకరించి ఆ సుఖాలన్నీ పోగొట్టుకున్నారు. హిజ్రీ 3వ సంవత్సరం ఉహుద్ యుద్ధంలో షహీదైతే కఫన్‌కు దొరికింది ఒక్క దుప్పటి. తల కప్పితే కాళ్ళు బయటపడేవి, కాళ్ళు కప్పితే తల బయటపడేది. చివరికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆజ్ఞ మేరకు తల కప్పి, పాదాల మీద ఇజ్‌ఖిర్ గడ్డి వేశారు. ఇదంతా తలచుకొని, ముస్అబ్ తనకన్నా ఉత్తములని, తమ సత్కార్యాల ప్రతిఫలం ఇక్కడే ముట్టిపోయిందేమోనని అబ్దుర్రహ్మాన్ (రజి) ఏడ్చారు. భోజనం వదిలేశారు. బుఖారీ హదీసు ఇది.

మన పెళ్ళి విందుల్లో జరిగే లెక్కల ప్రకారం చూస్తే, చివరికి కఫన్ కూడా సరిపోని ముస్అబ్ ఓడిపోయిన మనిషి. మదీనా సంపన్నుడికి మాత్రం తానే వెనకబడ్డానేమోనని భయం! అయినా ఆయన వ్యాపారం మానలేదు, తుదివరకు సంపన్నులుగానే ఉన్నారు. కొలబద్ద మాత్రం బజారులో తీసుకోలేదు. నా మాట చెప్పాలంటే, మదర్సాలో నాతో చదివిన మిత్రుడు గల్ఫ్ నుండి వచ్చి కొత్త కారు దిగినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తండ్రిని తప్పుపట్టే అర్హత నాకెక్కడిది?

మరుసటి శుక్రవారం ఇద్దరూ వచ్చారు. ఈ ఘటన వినిపించి, కుర్రవాడితో, "బేటా! పని నేర్చుకో. కాని గ్యాస్ నింపకుండానే నింపానని ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకు. నీ పాస్, ఫెయిల్ అక్కడుంది" అన్నాను. వాడు మొదటిసారి తలెత్తి, "హజ్రత్, మన మస్జిదు ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయి, చూడమంటారా?" అన్నాడు.

తండ్రి ఏమీ అనలేదు. కొడుకు నిచ్చెన తెచ్చి గోడకు ఆనిస్తే, వెళ్ళి అది జారకుండా పట్టుకున్నారు.