మా తర్వాత వీడి గతేమిటి?

కాలుకో, కంటికో, చెవికో, బుద్ధికో వైకల్యం ఉన్న చిన్నబిడ్డను ఆసుపత్రికి తెచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది, "నడుస్తాడా? మాట్లాడతాడా?" అని. బిడ్డకు పద్దెనిమిదేళ్లు దాటాక వచ్చేవారు మాత్రం, "మా తర్వాత వీడి గతేమిటి?" అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకు జవాబు పదో ఏట నుంచే వెదకాలి. మందులు, ఆపరేషన్లు, వ్యాయామాలు మేము చూస్తాము. బిడ్డను ఒక పనికి తయారు చేయడంలో ఎక్కువ భాగం మీ ఇంట్లోనే జరుగుతుంది.

ప్రేమ కొద్దీ చాలా ఇళ్లలో బిడ్డకు అన్నం కలిపి పెడతారు, బొత్తాలు కూడా తామే వేస్తారు, అంగడికి పంపరు. ఇరవయ్యేళ్లు వచ్చేసరికి చదువు ఎంతో కొంత ఉన్నా చిల్లర లెక్కపెట్టుకోవడం, ఒంటరిగా బస్సెక్కడం, కొత్తవారితో మాట్లాడడం రాదు. పనిలో పెట్టుకునేవారు ముందు చూసేది వీటినే. కాబట్టి ఇంట్లో ఒక పని పూర్తిగా బిడ్డకే అప్పగించండి. విత్తనాల శెనక్కాయలు ఏరడం కావచ్చు, పాల లెక్క రాయడం కావచ్చు. బిడ్డ ఆ పని చేయని రోజున ఇంట్లోవారికి ఇబ్బంది కలగాలి. అలాంటి పని ఇస్తేనే బాధ్యత అలవడుతుంది. ఆలస్యమైనా చేతిలోంచి లాక్కోకండి.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కుంది. వానలు లేని ఏడు ఆదోని, కోసిగి వైపు కుటుంబాలు మిరపకాయ కోతలకు గుంటూరు ప్రాంతానికి వలస పోతాయి. వైకల్యం ఉన్న బిడ్డ అవ్వ దగ్గర మిగిలిపోతాడు, బడి ఆగిపోతుంది, వ్యాయామం ఆగిపోతుంది. నాలుగు నెలల్లో బిగుసుకున్న కీళ్లు మళ్లీ సాగడానికి ఏడాది కూడా పట్టవచ్చు. వలస పోయేముందే బడి హెడ్మాస్టరుతో మాట్లాడండి. సీజనల్ హాస్టల్ గురించి, మండలంలోని భవిత కేంద్రం గురించి అడగండి. అవ్వకు వ్యాయామాలు నేర్పించవలసి ఉంటే ఆమెను ఒకసారి మా దగ్గరకు తీసుకురండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వారికి కేటాయించాలి. 1995 నాటి పాత చట్టంలో ఉద్యోగాల వాటా 3 శాతమే. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్నవారు అందులో లేరు. వీటికి సదరం సర్టిఫికెట్ కావాలి. దానిని పింఛను కాగితంగానే చూసి బీరువాలో దాచేవారు ఎక్కువ. నిజానికి బడిలో, కాలేజీలో, ఉద్యోగ దరఖాస్తులో దాని అవసరం ఇంకా ఎక్కువ. పదో తరగతి పరీక్షలో రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం కావాలన్నా ముందుగానే దానిని బడిలో ఇవ్వాలి.

చట్టం ఉన్నంత మాత్రాన తలుపులు వాటంతట అవే తెరుచుకోవు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతోనే అంధుడు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి అంధులకు వీలు లేదన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. తర్వాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ ప్రారంభించి వైకల్యం ఉన్నవారికి పని ఇచ్చారు. అందరి పిల్లలూ అమెరికా వెళ్లాలని కాదు. ఆయన చిన్నతనంలో చూపు లేని బిడ్డను ఊరి బడికి, తర్వాత దూరాన హైదరాబాదులోని అంధుల బడికి పంపిన ఆ తల్లిదండ్రులను గమనించండి.

ఇక ఏ పని నేర్పించాలి? ఇక్కడ తొందర పనికిరాదు. "వికలాంగులకు కుట్టుమిషనే" అనే మాట వదిలేయండి. కాళ్లలో బలం లేనివారికి తొక్కే మిషను కష్టం. మోటారు బిగించి మీట చేతితో నొక్కేలా అమర్చుకోవచ్చు. ఎమ్మిగనూరు వైపు గుంటమగ్గం కాళ్లతో తొక్కాలి కాని కండెలు చుట్టడానికి చేతులు చాలు. ఉబ్బసం ఉన్నవారికి బేతంచెర్ల, కడప బండల పాలిషింగు దుమ్ము పడదు. మూర్ఛలున్నవారు అవి అదుపులోకి వచ్చాయని డాక్టరు చెప్పేవరకు బావిగట్టున, ఎత్తున, కోత యంత్రాల దగ్గర పని చేయకూడదు, బండి నడపకూడదు. అంగడి లెక్కలు, ప్యాకింగు, ఆఫీసు పని నిరభ్యంతరంగా చేయవచ్చు. వెన్నుపాము దెబ్బతిని స్పర్శ తెలియనివారు కూర్చుని పని చేసేటప్పుడు ప్రతి 15, 20 నిమిషాలకు చేతులు ఆనించి పిరుదులు పైకెత్తాలి. లేకుంటే పుండ్లు పడి నెలల తరబడి మంచాన ఉండవలసి వస్తుంది. చూపు లేనివారికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఏ. అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటరులో ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది.

బుద్ధిమాంద్యం ఉన్న యువకులకు పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒకే వరుసలో రోజూ చేయించాలి. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఇలాంటి శిక్షణకే పేరు పొందింది. ఇతర వైకల్యాలవారికి హైదరాబాదులో కేంద్ర కార్మిక శాఖవారి దివ్యాంగుల ఉపాధి కేంద్రం ఉంది. అక్కడ బిడ్డకు ఏ పని సరిపడుతుందో పరీక్షించి చెబుతారు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. చెల్లెలి పెళ్లికి అడ్డమని అక్కను నలుగురి కంట పడకుండా ఉంచే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1969లో అనంతపురంలో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వైకల్యం ఉన్న స్త్రీలకు చేతిపనుల కార్యశాలలు పెట్టింది. ఆ స్త్రీలూ మన సీమ పల్లెల నుంచి వచ్చినవారే. మీ అమ్మాయి సంపాదన మీద ఆమె పేరుతోనే బ్యాంకు ఖాతా తెరిపించండి.

మొదటి జీతం తక్కువగానే ఉంటుంది, బస్సు ఖర్చులకే చాలావరకు పోవచ్చు. 2024 జూలైలో దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది కాబట్టి "ఆ మాత్రం దానికి పనెందుకు" అని బంధువులు అంటారు. కనీసం మూడు నెలలు చూడండి. ఈలోగా కొత్తగా నొప్పి, తిమ్మిరి, పుండు కనిపిస్తే పని మానిపించేముందు మా ఫిజియోథెరపీ విభాగానికి తీసుకురండి. కొన్నిసార్లు కూర్చునే పీట ఎత్తు మారిస్తే సరిపోతుంది.