టీకా వేసిన వారానికి ఎర్రబడే చెయ్యి

టీకా వేయించుకున్న రోజు చెయ్యి నొప్పి పుట్టడం, రాత్రికి ఒళ్లు వెచ్చబడటం మనందరికీ తెలిసిన సంగతే. రెండు మూడు రోజుల్లో అన్నీ సర్దుకుంటాయి, మనమూ మరచిపోతాం. కాని అలా మరచిపోయాక, వారం తిరిగేసరికి సూది గుచ్చిన చోటే చర్మం ఎర్రబడి, అరచేయంత మేర ఉబ్బి, దురద పెడితే ఏమనుకోవాలి? 2021 తొలి నెలల్లో అమెరికాలో మోడెర్నా వారి ఎం.ఆర్.ఎన్.ఎ. టీకా వేయించుకున్న కొందరికి ఇదే ఎదురైంది. పత్రికలవారు దీనికి 'కోవిడ్ చెయ్యి' అని పేరు పెట్టారు. చూడటానికి చిన్న విషయమే అయినా దీని వెనుక రోగనిరోధక శాస్త్రంలోని ఒక ముఖ్యమైన పాఠం ఉంది.

ముందు అంకెలు చూద్దాం. మోడెర్నా మూడో దశ పరీక్షలో సుమారు 30,000 మంది పాల్గొనగా, వారిలో సగం మందికి అసలు టీకా వేశారు. ఎనిమిదో రోజున గాని, ఆ తర్వాత గాని సూది వేసిన చోట ప్రతిచర్య కనిపించినవారు మొదటి మోతాదు తర్వాత నూటికి 0.8 మంది, రెండో మోతాదు తర్వాత నూటికి 0.2 మంది. అంటే మొదటి మోతాదుకు వెయ్యి మందిలో ఎనిమిది మందికి మాత్రమే. 2021 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా వైద్యులు ఇలాంటి 12 మంది వివరాలు ప్రకటించారు. వారిలో మచ్చ 4వ రోజు నుంచి 11వ రోజు లోపల మొదలైంది. కొందరికి 10 సెంటీమీటర్లు, అంతకు మించి వ్యాపించింది. మొదలైన ఆరు రోజులకు అటూ ఇటూగా తగ్గిపోయింది.

ఇంత ఆలస్యం ఎందుకు? 1963లో గెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు అతిస్పందనలను నాలుగు రకాలుగా విభజించారు. మొదటి రకంలో ఐజిఇ అనే ప్రతిదేహాలు పనిచేసి హిస్టమిన్ విడుదలవుతుంది. ఇది నిమిషాల్లో జరిగిపోతుంది. టీకా వేశాక 15 నిమిషాలో, అరగంటో కూర్చోమనేది ఇందుకే. నాలుగో రకం ప్రతిదేహాల పని కాదు, టి-లింఫోసైట్ కణాల పని. ఆ కణాలు మేలుకొని, సంఖ్య పెంచుకొని, ఆ చోటికి చేరాలంటే వ్యవధి కావాలి. క్షయ కోసం చేసే మాంటూ పరీక్షను 48 నుంచి 72 గంటల తర్వాత చూస్తారు కదా, అది ఈ జాతిదే. కోవిడ్ చెయ్యి నుంచి తీసిన చర్మపు ముక్కలో రక్తనాళాల చుట్టూ, వెంట్రుకల కుదుళ్ల చుట్టూ లింఫోసైట్లు గుమిగూడి కనిపించాయి. రెండో మోతాదు తర్వాత మచ్చ వచ్చినవారికి అది సుమారు రెండో రోజుకే వచ్చింది. ఒకసారి చూసినదాన్ని గుర్తుపెట్టుకొని రెండోసారి త్వరపడటం ఈ కణాల స్వభావమే.

ఇక్కడ రెండు పొరపాట్లకు అవకాశం ఉంది. తాడును చూసి పామనుకున్నట్లు, ఈ మచ్చను సెల్యులైటిస్ అనే సూక్ష్మజీవుల సోకుడుగా భావించి యాంటీబయాటిక్స్ వాడటం మొదటిది. ఆ 12 మందిలోనూ ఒకరికి అలాగే వాడారు. దురద ప్రధానంగా ఉండి, వారానికి మొదలై, దానంతటదే తగ్గుముఖం పట్టేది సాధారణంగా ప్రతిచర్యే. జ్వరంతో పాటు నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, చీము పట్టినా మాత్రం వైద్యునికి చూపించాల్సిందే. ప్రతిచర్య అయితే మంచుగడ్డ కాపడం, దురద తగ్గించే మాత్ర, అవసరమైతే వైద్యుడు చెప్పిన పూతమందు చాలు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది: భయపడి తర్వాతి మోతాదు మానెయ్యడం. ఆ 12 మందీ రెండో మోతాదు వేయించుకున్నారు. ఆరుగురికి మచ్చే రాలేదు, ముగ్గురికి తక్కువగా వచ్చింది, ముగ్గురికి మొదటిలాగే వచ్చింది. ప్రాణాపాయం ఎవరికీ కలగలేదు. అందుకే అమెరికా ఆరోగ్యశాఖవారు టీకా మానవద్దనీ, వీలైతే రెండో చేతికి వేయించుకోవాలనీ సలహా ఇచ్చారు. సూది వేసిన కాసేపట్లోనే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తే అది వేరే సంగతి. అది మొదటి రకం, ఆలస్యం చేయకూడదు.

మన దేశంలో ఎక్కువమందికి వేసిన కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఈ జాతి టీకాలు కావు. పుణెలోని జెన్నోవా సంస్థ తయారుచేసిన ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాకు 2022లో అనుమతి లభించింది. ఇక అమెరికాలో ఉన్న మనవాళ్లకు మోడెర్నా, ఫైజర్ టీకాలు బాగా పరిచయమే. ఒక్క విషయం మనవాళ్లు గుర్తుంచుకోవాలి: చామనచాయ, నలుపు చర్మంపై ఎరుపు స్పష్టంగా కనిపించదు. కంటితో చూడటమే కాక చేత్తో తాకి వేడి, వాపు, గట్టిదనం గమనించాలి. చిన్ననాటి బి.సి.జి. మచ్చ ఈ టీకాల తర్వాత ఎర్రబడిన సందర్భాలు కూడా నమోదయ్యాయి.

రేపు వైద్యులు, ఉపాధ్యాయులు, గృహస్థులు కాబోయే విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. టీకా వేసిన తేదీ, మచ్చ కనిపించిన తేదీ, దాని కొలత ఒక కాగితం మీద రాసిపెట్టండి. భయం ఊహల మీద పెరుగుతుంది, తేదీల ముందు నిలవదు. ఆ మూడు అంకెలు చూపిస్తే వైద్యునికి సగం పని తీరిపోతుంది. అనవసరమైన మందూ తప్పుతుంది, అవసరమైన టీకా చేజారదు.