రక్షిత సాగులో చామంతి పూత ఆలస్యం – కారణాల గుర్తింపు, సవరణ

సారాంశం

పాలీహౌస్‌లో సాగయ్యే చామంతి అనుకున్న తేదీకి పూతకు రాకపోవడం రైతుకు తరచూ ఎదురయ్యే నష్టాలలో ఒకటి. దీనికి ప్రధాన కారణాలు మూడు: రాత్రి చీకటికి భంగం కలగడం, చీకటి పరదాల కింద వేడి పెరగడం, శాఖీయ దశను లెక్క లేకుండా పొడిగించడం. ఆలస్యం తోటలో ఏ తీరున విస్తరించిందో పరిశీలిస్తే కారణాన్ని చాలావరకు క్షేత్రంలోనే నిర్ధారించవచ్చు. ఈ వ్యాసం పూత వెనుకనున్న శాస్త్రాన్ని, కారణాలను గుర్తించే పద్ధతిని, సవరణ చర్యలను వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

చామంతి ధరను పంచాంగం నిర్ణయిస్తుంది. శ్రావణ శుక్రవారానికి, దసరాకు, కార్తీక మాసానికి, సంక్రాంతికి పలికే ధర పండుగ దాటిన మరునాటికి ఉండదు. కాబట్టి పది రోజుల ఆలస్యాన్ని దిగుబడి తగ్గుదలగా కాక, పెట్టుబడి తిరిగి రాకపోవడంగానే పరిగణించాలి. ఇటువంటి తోటకు ఎరువు మోతాదు పెంచమనో, హార్మోను పిచికారీ చేయమనో సలహా ఇవ్వడం పరిపాటి. కారణం తెలియకుండా చేసే ఈ వైద్యం ఖర్చును పెంచుతుందే తప్ప పూతను ముందుకు తేదు.

పూతకు కాలమానం

పూతకు, పగటి నిడివికి గల సంబంధాన్ని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ 1920లో ప్రకటించారు. వేసవిలో పూయకుండా ఎత్తుగా పెరుగుతూ పోయే ‘మేరీలాండ్ మామత్’ పొగాకును రోజూ కొంతసేపు చీకటి గదిలో ఉంచి, పగటిని కుదించి, వారు పూయించగలిగారు. మొక్క నిజానికి కొలిచేది పగటిని కాదు, ఎడతెగని రాత్రిని అని మరులమాతంగి మొక్కపై హామ్నర్, బోనర్ 1938లో ప్రచురించిన పరిశోధన వెల్లడించింది. దీర్ఘమైన రాత్రి నడుమ స్వల్పకాలం వెలుతురు సోకినా ఆ మొక్క పూతకు రాలేదు.

ఈ దృష్టితో మొక్కలు మూడు విధాలు. రాత్రి నిడివి ఒక హద్దును మించితే పూసేవి హ్రస్వ దిన మొక్కలు. రాత్రి కుదించుకుపోతే పూసేవి దీర్ఘ దిన మొక్కలు. రాత్రి నిడివితో నిమిత్తం లేకుండా వయసును బట్టి పూసేవి తటస్థ దిన మొక్కలు. టమాట మూడవ తరగతికి చెందుతుంది. చామంతి, గోగు మొదటి తరగతివి. గోగునార పైరును ఆలస్యంగా విత్తితే కాండం తగినంత ఎదగకముందే పూతకు రావడానికి ఇదే కారణం. తటస్థ దిన మొక్కలో పూత ఆలస్యమైతే వేరు, పోషణ, ఉష్ణోగ్రతలను ముందుగా పరిశీలించాలి. హ్రస్వ దిన మొక్కలో మొదటి పరిశీలన రాత్రి చీకటిదే.

ఆకులలోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం వెలుతురును, చీకటిని గుర్తిస్తుంది. ఎరుపు కాంతి దానిని క్రియాశీల రూపంలోకి, సుదూర ఎరుపు కాంతి తిరిగి నిష్క్రియ రూపంలోకి మారుస్తాయి. రాత్రి తగినంత దీర్ఘంగా ఉన్నప్పుడు ఆకులో పూతను ప్రేరేపించే ప్రోటీను తయారై కొమ్మ చివరకు చేరుతుంది. చామంతిలో పూతను అడ్డుకునే ప్రోటీను కూడా ఆకులోనే తయారవుతుందని జపాన్ పరిశోధకులు 2013లో వెల్లడించారు. అంటే దీపం వెలిగిన రాత్రి మొక్క ఊరకే ఆగి ఉండదు. పూయవద్దన్న సంకేతాన్ని తానే పంపుకుంటుంది.

మన అక్షాంశంలో చామంతి

వాణిజ్య చామంతి రకాలలో మొగ్గ ఏర్పడడానికి పగటి నిడివి సుమారు 14.5 గంటలకు, ఏర్పడిన మొగ్గ ఎదగడానికి సుమారు 13.5 గంటలకు లోబడి ఉండాలని సాధారణ సూత్రం. రకాన్ని, ఉష్ణోగ్రతను బట్టి ఈ హద్దులు కొంత మారుతాయి. హైదరాబాదులో అత్యంత దీర్ఘమైన పగలు 13 గంటల 10 నిమిషాలకు అటూ ఇటుగా ఉంటుంది. సంధ్యా సమయపు మసక వెలుతురును చామంతి కొంతవరకు పగలుగానే గ్రహిస్తుంది కనుక, జూన్ నెలలో మొక్కకు అందే పగలు దాదాపు 14 గంటలు.

దీని నుండి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, మన ప్రాంతంలో ఏ నెలలోనైనా మొగ్గ ఏర్పడే అవకాశం ఉన్నందున, నాటిన తొలి వారాలలో కాడ ఎదగడానికి రాత్రి దీపాలు అవసరం. రెండవది, వేసవి పగటిలో ఏర్పడిన మొగ్గ ఎదగకుండా నిలిచిపోవచ్చు. ‘మొగ్గ వచ్చింది కాని పువ్వు కాలేదు’ అని రైతు చెప్పే సమస్యకు మూలం ఈ రెండు హద్దుల నడుమ ఉన్న గంట వ్యవధే.

ఆలస్యం తీరును బట్టి కారణం

1. ఒక వైపు వరుసలు మాత్రమే వెనుకబడితే కాంతి చొరబాటును అనుమానించాలి. వీధి దీపం, కాపలా గది బల్బు, పక్క గృహంలోని దీపాలు, పరదా చిరుగులు పరిశీలించదగినవి. రాత్రివేళ లోపల నిలబడి చూడడమే సరైన పరీక్ష. పగటి సందర్శనలో ఈ లోపం కనబడదు.

2. తోటంతా సమానంగా వెనుకబడి, మొగ్గలు చిన్నవిగా, రంగు వెలిసి ఉంటే వేడి కారణం కావచ్చు. హ్రస్వ దినాల తొలి వారాలలో పగటి ఉష్ణోగ్రత 30, రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్‌కు మించి కొనసాగితే ఆలస్యం అధికం. రాత్రి 16 నుండి 18 డిగ్రీలు అనుకూలం.

3. కొమ్మ చివర ఒక మొగ్గ నిలిచిపోయి, దాని చుట్టూ సన్నని పట్టీల వంటి ఆకులు, కింది నుండి కొత్త కొమ్మలు వస్తే అది కిరీట మొగ్గ. దీపాల కింద మొక్కను అతిగా ఉంచినా, హ్రస్వ దినాలు మొదలై మధ్యలో భంగమైనా ఇది ఏర్పడుతుంది.

4. ఆలస్యమైన మొక్కలు తోటలో అక్కడక్కడ చెదిరి ఉంటే నారులో రకాల కలగలుపును పరిశీలించాలి.

5. ముదురు ఆకుపచ్చని దట్టమైన ఆకులతో తోట స్వల్పంగా వెనుకబడితే నత్రజని అధికమైందని భావించవచ్చు. అయితే మొదటి మూడు కారణాలను తోసిపుచ్చిన తరువాతనే ఈ నిర్ణయానికి రావాలి.

సవరణ చర్యలు

దీపాలు: శాఖీయ దశలో రాత్రి 10 నుండి 2 గంటల వరకు, మొక్కల తలల వద్ద సుమారు 100 లక్స్ కాంతి అందాలి. ఎరుపు కాంతి తక్కువగా ఉన్న ఎల్‌ఈడీ దీపాలు కంటికి ప్రకాశవంతంగా తోచినా ఆశించిన ఫలితం ఇవ్వకపోవచ్చు. వరుసగా కొన్ని రాత్రులు విద్యుత్తు నిలిచితే మొగ్గ ముందే ఏర్పడుతుంది కనుక ప్రత్యామ్నాయ ఏర్పాటు ఉండాలి.

చీకటి: పగలు దీర్ఘంగా ఉండే నెలలలో నల్లని పరదాతో రోజూ కనీసం 13 గంటల చీకటి కల్పించి, మొగ్గ రంగు కనబడే వరకు కొనసాగించాలి. వారానికి ఒక రాత్రి విడిచినా పూత ఆ మేరకు వెనుకబడుతుంది.

వేడి: సాయంత్రం 5 గంటలకే పరదా మూయడం పనివారికి అనుకూలమే గాని, లోపలి వేడి బయటకు పోదు. చీకటి కల్పించాలన్న ప్రయత్నమే వేడి వల్ల ఆలస్యానికి దారితీస్తుంది. రాత్రి 7 గంటలకు మూసి ఉదయం 8 గంటలకు తెరవడం మేలు. ముందుగా మూయక తప్పనప్పుడు, పూర్తిగా చీకటి పడిన తరువాత పరదా తొలగించి, తెల్లవారుజామునకు ముందు తిరిగి మూయాలి.

కాలపట్టిక: హ్రస్వ దినాలు మొదలైన 9 వారాలకు పూసే రకాన్ని సంక్రాంతికి ఉద్దేశించినట్లయితే, జనవరి 8న కోతకు నవంబరు 6న దీపాలు ఆపాలి. దానికి 3 వారాల ముందు, అక్టోబరు 16న తలలు తుంచాలి. దానికి 2 వారాల ముందు, అక్టోబరు 2న నాటాలి. ఈ లెక్క చల్లని నెలలకు సరిపోతుంది. అదే రకాన్ని శ్రావణ మాసానికి పూయించదలచితే హ్రస్వ దినాలు జూన్‌లో మొదలవుతాయి. పరదా తప్పనిసరి, వేడి వల్ల కొన్ని రోజుల ఆలస్యాన్ని ముందే లెక్కలో చేర్చుకోవాలి.

ముగింపు

ఆలస్యమైన తోటను పండుగ నాటికి పూయించే మందు లేదు. మొగ్గ ఏర్పడని తోటలో చీకటిని సరిచేసినా పూత ఆ రోజు నుండి రకానికి తగిన వారాల తరువాతనే వస్తుంది. ఈ విషయాన్ని రైతుకు స్పష్టంగా తెలియజేసి, తదుపరి పండుగకు తగిన కాలపట్టికను అతనితో కలిసి రూపొందించడం విస్తరణ శాస్త్రవేత్త కర్తవ్యం. నాటిన తేదీ, దీపాలు ఆపిన తేదీ, మొగ్గ కనబడిన తేదీ, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత – ఈ నాలుగింటిని ప్రతి పంటకూ నమోదు చేసే అలవాటు కలిగిస్తే, ఆలస్యం నష్టంగా మారకముందే దాని జాడ తెలుస్తుంది.