ఏది సైన్సు? బోనెక్కిన తత్త్వవేత్త కథ

పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ - సైన్సు పద్ధతిని మనమంతా ఇలా నాలుగు ముక్కల్లో వల్లె వేసినవాళ్లమే. మార్కులు కూడా వచ్చాయి. కాని కోర్టు బోనెక్కించి, ప్రమాణం చేయించి, "ఏది సైన్సో, ఏది కాదో చెప్పవయ్యా" అంటే మనలో ఎంతమందిమి నోరు విప్పగలం? మైకేల్ రూస్ అనే తత్త్వవేత్తకు నిజంగానే ఆ పని పడింది. ఈయన 1940లో ఇంగ్లండులో పుట్టి, కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీలో చాలాకాలం పాఠాలు చెప్పి, 2024లో కన్నుమూశాడు.

1981లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం ఒక చట్టం చేసింది. బళ్లో జీవపరిణామం చెబితే, దానికి సమంగా "సృష్టి శాస్త్రం" కూడా చెప్పి తీరాలట. విశ్వం శూన్యంలోంచి హఠాత్తుగా పుట్టింది, మనిషికీ కోతికీ పూర్వీకులు వేరు, లోకమంతా ముంచిన జలప్రళయం వల్లే భూమి పొరలు ఇలా ఏర్పడ్డాయి, భూమి పుట్టి ఎంతోకాలం కాలేదు - ఇవీ అందులోని అంశాలు. ఇది మతం కాదు, సైన్సేనని చట్టం వాదన. దీనిమీద కోర్టుకెక్కింది నాస్తికులు అనుకుంటాం గదా? వాదుల్లో చాలామంది చర్చి పెద్దలే! మొదటి పేరు ఒక మెథడిస్టు పాస్టరుది.

విచారణ ఆ ఏడు డిసెంబరులో లిటిల్ రాక్ నగరంలో జరిగింది. రూస్ సాక్ష్యం చెప్పాడు. దాన్ని చాలామేరకు ఆధారం చేసుకొని జడ్జి విలియం ఓవర్టన్ 1982 జనవరి 5న చట్టాన్ని కొట్టేశాడు. సైన్సుకు అయిదు గుర్తులున్నాయన్నాడు: అది ప్రకృతి నియమాల మీద నడవాలి, ఆ నియమాలతోనే వివరణ ఇవ్వాలి, అనుభవ ప్రపంచంలో పరీక్షకు నిలవాలి, దాని నిర్ణయాలు తాత్కాలికంగా ఉండాలి, తప్పయితే తప్పని తేలే అవకాశం ఉండాలి. ఈ చివరిది కార్ల్ పాపర్ చెప్పిన మాటే.

పరిణామవాదులు సంబరపడ్డారు. ఒకాయనకు మాత్రం ఒళ్లు మండింది. ఆయన లారీ లౌడన్, ఈయనా తత్త్వవేత్తే. సృష్టివాదం మీద ప్రేమ ఉండి కాదు. "వాళ్ల మాటలు పరీక్షకు లొంగవని ఎలా అంటారు? భూమి వయసు కొన్నివేల ఏళ్లేనన్నారు, జలప్రళయం వచ్చిందన్నారు. రెండూ పరీక్షించదగ్గవే. పరీక్షించారు, తప్పని తేలింది. అది సైన్సు కాదనకండి, తప్పు అనండి" - ఇదీ లౌడన్ వాదం.

దీన్ని నేను మా ఇంటి లెక్కలో అర్థం చేసుకున్నాను. విత్తనాలు కొన్నాక మా నాయన వంద గింజలు లెక్కపెట్టి తడిగోనెలో చుట్టి పెడతాడు. నూటికి తొంభై మొలుస్తాయన్నచోట నలభయ్యే మొలిస్తే, అమ్మినవాడి మాట అబద్ధం. అబద్ధమని తేలిందంటే అది పరీక్షకు లొంగిన మాటేగా! లౌడన్ ఇక్కడిదాకా వచ్చి ఆగాడు. కాని అమ్మినవాడు "నీళ్లలో దోషం" అన్నాడనుకోండి. నీళ్లు మారిస్తే "గోనె పాతది" అన్నాడు. గోనె మారిస్తే "చలి ఎక్కువ" అన్నాడు. అప్పుడిక పరీక్ష పెట్టాల్సింది గింజకా, మనిషికా?

రూస్ ఇచ్చిన జవాబు వేరు, అది వకీలు జవాబులా ఉంటుంది. ప్రభుత్వ బడిలో మతం బోధించకూడదని అమెరికా రాజ్యాంగం అడ్డుపడుతుంది గాని, నాసిరకం సైన్సు చెప్పకూడదని అడ్డుపడదు. "ఇది తప్పుడు సైన్సు" అని ఊరుకుంటే చట్టం బతికిపోయేది. కేసు వరకు రూస్‌దే పైచేయి. తర్కంలో మాత్రం లౌడన్ వైపే మొగ్గుతాను. అయితే ఓవర్టన్ తీర్పులోనే ఇద్దరినీ దాటిన ఒక సంగతి ఉంది. క్రియేషన్ రిసెర్చ్ సొసైటీలో సభ్యుడు కావాలంటే, బైబిలు చెప్పినవన్నీ చరిత్రపరంగానూ సైన్సుపరంగానూ నిజమని దరఖాస్తులోనే సంతకం పెట్టాలి. ప్రయోగానికి ముందే ఫలితం రాసేసిన రికార్డు పుస్తకం అన్నమాట! ల్యాబులో మనం అప్పుడప్పుడు చేసేదీ అదే అనుకోండి, కాని దాన్ని శాస్త్రం అని ఎవరం పిలుచుకోం.

ఇంతకీ రూస్ మతద్వేషి కాడు. తనకు నమ్మకం లేకపోయినా, డార్విన్ వాది క్రైస్తవుడు కావచ్చునని 2001లో ఒక పుస్తకమే రాశాడు.

1987లో సుప్రీం కోర్టు లూసియానా రాష్ట్రంలోని ఇలాంటి చట్టాన్నే కొట్టేసింది. దాంతో సృష్టి అన్న మాట పోయి "ఇంటెలిజెంట్ డిజైన్" వచ్చింది. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ ఊరి కేసులో రాబర్ట్ పెన్నాక్, బార్బరా ఫారెస్ట్ అనే తత్త్వవేత్తలు సాక్ష్యమిచ్చారు. పెన్నాక్ సైన్సు పద్ధతి గురించి మాట్లాడాడు. ఫారెస్ట్ ఒక పాఠ్యపుస్తకం పాత చిత్తుప్రతులు వరసగా ముందేసుకు కూచుంది. 1987కు ముందు "సృష్టి" అని ఉన్నచోటల్లా, తరువాతి ప్రతుల్లో "డిజైన్" అని ఉంది. "సృష్టివాదులు" అన్న ఇంగ్లీషు మాట కొట్టేసి "డిజైన్ సమర్థకులు" అని అతికించేటప్పుడు ఒకచోట చెయ్యి జారింది. పాతమాట మొదటి అక్షరం ముందూ, దాని తోక వెనకా మిగిలిపోయి, కొత్తమాట మధ్యలో ఇరుక్కుంది. ఆ కాగితం కోర్టుకు చేరింది. డిసెంబరు 20న జడ్జి జాన్ జోన్స్ తీర్పు చెప్పాడు: డిజైన్ వాదం సైన్సు కాదు, బళ్లో చెప్పడానికి వీల్లేదు.